ఇప్పుడే విసిరి వచ్చిన భుజం

2003 జూన్‌లో అనంతపురంలోని ఒక బాలికల క్రీడా హాస్టల్‌కు నన్ను కాంట్రాక్టు మీద ఫిజియోథెరపిస్టుగా తీసుకున్నారు. అది నా మొదటి ఉద్యోగం. ఆరేళ్లు చేశాక నా రెండు బొటనవేళ్ల కీళ్లు పాడై వృత్తి వదిలేశాను. చేతులతో ఇతరుల కీళ్లను కదిలించే పనిలో ఇది అరుదేమీ కాదు. ఆ ఆరేళ్లలో నా చేతుల కిందికి వచ్చిన భుజాల్లో ఒకదాని గురించి ఇక్కడ రాస్తాను.

హాస్టల్‌లో మాటకు ఒక వరుస ఉండేది. ఎవరు ఆడాలో, ఎవరు ఆగాలో కోచ్ చెప్తాడు. ఎముకల డాక్టరు వారానికోసారి వచ్చి చూసి, జబ్బు పేరు రాసి వెళ్తాడు. వాళ్లిద్దరూ తేల్చిన దాన్ని రోజూ దగ్గరుండి చేయించడం నా వంతు. వార్డెన్ గది పక్కన నాకొక గది ఇచ్చారు. మాట్లాడడం కంటే కొలవడం నాకు సులువు. అందుకని ఆ వరుసలో చివర ఉండడం నాకు బాగానే ఉండేది.

కోచ్ ఓబులేసు సారు యాభై దాటిన మనిషి, ఒకప్పుడు గుండు విసిరినవాడు. చేరిన వారంలోనే ఒక అమ్మాయిని నా గదికి తీసుకొచ్చాడు.

“ఇది చేయి కాదమ్మా, ఫిరంగి,” అన్నాడు. “ఇప్పుడు ఫిరంగికే జబ్బు చేసినాది. ఆగస్టులో రాష్ట్రం సెలక్షను. అంతలోకల్లా బాగు చేసినావా సరే. లేదంటే సీటు ఇంకొకరికి ఇయ్యమంటారు పైవాళ్లు. నా చేతుల్లో ఏం లేదు.”

ఆ అమ్మాయి పేరు వన్నూరమ్మ. పదహారేళ్లు, జావెలిన్ విసురుతుంది. ఊరు కణేకల్ దాటాక, హగరి ఏటి ఇసుక మేటల అంచున ఉన్న ఒక పల్లె. అమ్మానాయనలు బెంగళూరులో కట్టడం పనికి పోయారు. ఊళ్లో అవ్వ ఒక్కతే ఉంది. సారు వెళ్లాక ఆమె మెల్లగా అన్నది, “సీటు పోతే సదువూ పోతాదక్కా. నేనూ మా అమ్మోళ్ల తావకే పోవాల, ఇటికలు మోసేదానికి.”

భుజాన్ని కొలిచే పద్ధతి చెప్పాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, చేతిని భుజం ఎత్తులో పక్కకు చాపించి, మోచేయి మడిచి, ముంజేయి పైకప్పు వైపు నిలబడేలా ఉంచుతాం. ఒక చేత్తో భుజం ముందు భాగాన్ని మంచానికి నొక్కి పట్టుకుంటాం, రెక్క ఎముక లేచి మోసం చేయకుండా. ఇక ముంజేయి తల వైపు ఎంత వాలితే అది బయటి తిరుగుడు, కాళ్ల వైపు ఎంత వాలితే అది లోపలి తిరుగుడు. ఆ కోణాలను గోనియోమీటరు అనే రెండు రెక్కల ప్లాస్టిక్ కొలబద్దతో చూస్తాం. తల మీదుగా విసిరే ఆటగాళ్లలో బయటి తిరుగుడు పెరిగి, లోపలి తిరుగుడు తగ్గిపోతుంది. అలా తగ్గిన భుజం, చేతిని బలంగా వెనక్కి తీసిన ప్రతిసారీ వెనక వైపు లోపల ఒరుసుకుని నొప్పి పెడుతుంది.

వన్నూరమ్మ ఎడమ చేతికి లోపలికి అరవై ఐదు డిగ్రీలు, బయటికి తొంభై ఐదు. కుడి చేతికి లోపలికి ఇరవై ఐదే, బయటికి నూట పదిహేను. రెండూ కలిపితే ఎడమకు నూట అరవై, కుడికి నూట నలభై. ఆ మొత్తంలో పోయిన ఇరవై డిగ్రీలే జబ్బు. కీలు వెనక తొడుగు బిగిసిపోవడం వల్ల పోయినవి అవి. సాగదీస్తే తిరిగి వస్తాయి. లోపలి వైపు తగ్గిన తక్కిన ఇరవై డిగ్రీలు బయటి వైపుకు చేరాయి. అది జబ్బు కాదు, ఎముక తీరు.

నన్ను ఆపింది ఆ రెండో ఇరవయ్యే. పుట్టినప్పుడు మన భుజం ఎముకలో ఒక మెలిక ఉంటుంది. వయసుతో పాటు అది కొంత విడుతుంది. చిన్నప్పటి నుంచీ విసిరేవాళ్లలో మాత్రం సరిగా విడవదు. ఈ అమ్మాయి జావెలిన్ పట్టింది కిందటి ఏడాదే. ఎముక మాత్రం ఏడెనిమిదేళ్ల వయసు నుంచీ విసురుతున్నట్టు చెబుతోంది.

“ఊళ్లో ఏమైనా విసిరేదానివా?” అని అడిగాను.

“ఏమీ ల్యాక్కా,” అని ఆమె గోడ వైపు తిరిగింది.

విసరడం పూర్తిగా ఆపించాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్లీపర్ స్ట్రెచ్ అనే వ్యాయామం చేయించాను. నొప్పి ఉన్న భుజం మీదే పక్కకు తిరిగి పడుకుని, ఆ చేతిని ముందుకు చాపి మోచేయి మడిచి, రెండో చేత్తో ముంజేతిని మెల్లగా పరుపు వైపు నొక్కి పట్టుకోవడం అది. నేను నా బొటనవేళ్లతో కీలును వెనక్కి జరిపేదాన్ని. సాయంత్రం కొలిస్తే ముప్పై ఐదు వచ్చేది. మర్నాడు పొద్దున కొలిస్తే మళ్లీ ఇరవై ఐదు.

అప్పుడప్పుడు ఒక డిగ్రీ అటూ ఇటూ కావడం మామూలే. ప్రతి పొద్దునా పది పోవడం మామూలు కాదు. విసిరిన వెంటనే లోపలి తిరుగుడు కొంత తగ్గుతుంది. ఒక రోజు విశ్రాంతి ఇస్తే తిరిగి వస్తుంది. ఇది ఈ వృత్తిలో అందరికీ తెలిసినదే. నిద్ర లేచి నేరుగా నా బల్ల మీదికి వచ్చిన ఆ భుజం వేడిగా, వెనక కండ గట్టిపడి ఉండేది. అది పడుకుని లేచిన భుజం కాదు. ఇప్పుడే విసిరి వచ్చిన భుజం.

ఆమె గదిలోని అమ్మాయిలను అడిగాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “బెల్లు కొట్టేటప్పుడు మంచంలోనే ఉంటాదక్కా,” అంది ఒకతె. ఇంకొకతె గొంతు తగ్గించి, “పాదాలు మాత్రం సల్లగా ఉంటాయి,” అంది.

ఒక సోమవారం సాయంత్రం, చికిత్సలో భాగమని చెప్పి, కుడి భుజాన్ని ఛాతీకి కలిపి పట్టీ వేసి కట్టాను. చెయ్యెత్తడం కుదరదు. ఆమె ఆ పట్టీని తాకి తాకి చూసుకుంది. మంగళవారం పొద్దున విప్పి కొలిస్తే ముప్పై ఐదూ నిలిచి ఉంది. భుజం చల్లగా ఉంది. వన్నూరమ్మ ముఖం మాత్రం ఏదో పోగొట్టుకున్నదానిలా ఉంది. రోజంతా అన్నం ముట్టలేదని వార్డెన్ చెప్పింది.

బుధవారం బెల్లుకు ముందే లేచి మేడ మెట్లెక్కాను. తూర్పున అప్పుడే వెలుగు వస్తోంది. మేడ మీద వన్నూరమ్మ ఆ వెలుగుకు వీపు పెట్టి, పడమర వైపు తిరిగి నిలబడి ఉంది. చేతిలో వడిసెల. చేలల్లో పిట్టలను తోలడానికి వాడే, నడుమ రాయి పట్టే జేబు ఉన్న నార తాడు. రాయి పెట్టి తల మీద తిప్పి ఒక కొస వదిలింది. తాడు ఫట్‌మని పేలింది. రాయి హాస్టల్ వెనక తుమ్మ కంపల మీదుగా పోయింది. అది నేల మీద పడిన చప్పుడు నాకు వినిపించలేదు. అక్కడ చేను లేదు, పిట్ట లేదు. ప్రతి రాయికీ ఆమె “హో” అంటోంది, అదలించినట్టు కాదు, పక్కన ఉన్న మనిషిని పలకరించినట్టు మెల్లగా. ఆమె ముగించేవరకూ నేను మెట్ల తలుపు దగ్గరే నిలబడిపోయాను.

నన్ను చూసి ఆమె ఉలిక్కిపడలేదు. “నిన్న ఏయలేదు గదక్కా. అవ్వ ఎట్లుండాదో,” అంది.

“ఇక్కడ ఎవర్ని కొడుతున్నావు?”

“ఈడ ల్యాక్కా. ఆడికి పోతాది,” అని పడమర చూపించింది.

తర్వాత అంతా చెప్పింది. వాళ్ల పల్లెలో చేనుకు కాపు తెగకూడదు. పైరున్నా లేకపోయినా, వాన పడినా పడకపోయినా, పొద్దు పొడిచే వేళ ఆ ఇంటి మనిషి ఒకరు మంచె మీద నుంచి రాయి వేయాలి. కాపు మానిన చేను మీదికి ఇసుక వస్తుంది. ఒక్కొక్కరే మానారు. ఒక్కొక్క చేనే పోయింది. ఇప్పుడు మిగిలింది వీళ్లదొక్కటే. అవ్వకు చెయ్యి లేవదు. అమ్మానాయనలు దూరాన ఉన్నారు. ఈమె ఏడేళ్లప్పటి నుంచీ వేస్తోంది. హాస్టల్‌కు పంపేటప్పుడు, యాడున్నా మన చేను దిక్కు తిరిగి ఏయి అని అవ్వ వడిసెల చేతికిచ్చి పంపింది.

నాకు తోచిన ఉపాయం చెప్పాను. ఎడమ భుజంలో ఏ లోటూ లేదు. జావెలిన్‌కు దాని అవసరమూ లేదు. కాబట్టి రాయి ఎడమచేత్తో వేయమన్నాను. మా చదువులో కుడి ఎడమలకు తేడా కోణాల్లోనే ఉంటుంది.

వన్నూరమ్మ ముఖం పాలిపోయింది. “ఎడమచేత్తో ఏసేది పీనుగ లేసినప్పుడక్కా. చచ్చినోళ్లు ఎనక్కి తిరిగి చూడకుండా. చేనుకు అట్ల ఏస్తే, చేను చచ్చిపోయినట్లే.”

“మరి ఆపేయడం?”

“అవ్వ చెప్పాల. నేనెట్ల ఆపేది?”

కోచ్‌కు సంగతి చెప్పాను. “ఏమమ్మా, రాళ్లతో ఇసుకను కొడతాండాదా? జావెలిన్‌తో కొట్టమను, మెడల్సన్నా వస్తాయి.” అని నవ్వి, నేను నవ్వకపోవడం చూసి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. “శనివారం పోండి. ఆదివారం రాత్రికి ఇద్దరూ ఈడ ఉండాల. ముసిలాయమ్మతో వాదం పెట్టుకోవద్దు. ఆ పక్క మనుషులు గట్టోళ్లు.”

కణేకల్ దాకా బస్సు. దారంతా కాలువ నీళ్లు, వరి నాట్లు. అక్కడి నుంచి ఆటో. పచ్చదనం ఒక గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత ఇసుకే. చివరి రెండు మైళ్లు నడిచాం. ఆషాఢం గాలి చెవుల్లో ఒకే శ్రుతిలో మోగుతోంది. ఇసుక మీద అక్కడక్కడా మంచెలు. కొన్నింటి కాళ్లు మోకాళ్ల దాకా కూరుకుపోయాయి. ఒకదానికి కాళ్లే కనబడలేదు. పైపలక మాత్రం ఇసుక మీద మంచంలా పరిచి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి పోయినట్టు. ప్రతి మంచెకూ ఒక వడిసెల కట్టి ఉంది. గాలికి అవన్నీ ఒకేసారి ఊగుతున్నాయి.

“వాటిని ఇప్పరక్కా. కాపు మానినోళ్లు ఆడనే కట్టి పోతారు,” అంది వన్నూరమ్మ. వాటి వైపు చూడకుండా నడిచింది.

వాళ్ల చేను నల్లరేగడి. దున్ని, కలుపు తీసి, శుభ్రంగా ఉంది. ఒక్క మొక్క లేదు. మూడు వైపులా ఇసుక నడుమెత్తున గోడలా నిలబడి, గట్టు దగ్గర ఆగిపోయింది. గట్టు మీద కిత్తనార కంచె ఉండడం వల్ల ఆగిందనుకోవచ్చు. నేను అలాగే అనుకున్నాను.

మంచె మీద ఒక ముసలామె మాకు వీపు చూపి కూర్చుంది. వన్నూరమ్మ అవ్వ, సుంకమ్మ. మేం వస్తున్నట్టు ఎవరూ కబురు చేయలేదు. ఆ ఊళ్లో ఫోను లేదు. మా అడుగుల చప్పుడు ఇసుకలో వినపడేది కాదు. ఆమె తిరగకుండానే అడిగింది, “మంగళారం పొద్దున ఏమాయనే? ఇనపళ్లేదు.”

వన్నూరమ్మ నా వైపు చూసింది. పట్టీ వేసి ఉంచిన పొద్దు అదే.

“ఏం వినపడలేదవ్వా?” అని అడిగాను.

“రాయి, యమ్మా. దినామూ పొద్దున వచ్చి చేన్లో పడతాది. నా చెవులు బాగనే ఉండాయి. మంగళారం పళ్లేదు. ఆ దినం ఇసుక ఆ మూలన గట్టెక్కి చూసింది.” ఆమె చూపిన మూలలో, కంచె ఇవతల, జానెడు ఇసుక నాలుకలా చేనులోకి వచ్చి ఉంది.

నేను చేనులోకి దిగి రాళ్లు ఉన్నాయో లేవో చూడలేదు. చూడాలని అనిపించలేదు.

అవ్వ కిందికి దిగాక, వచ్చిన పని చెప్పాను. ఆమె విని, “చేతికి నొప్పి రాకుంటే అది చేయేనా? నేను అరవై ఏండ్లు ఏసినా,” అంది. తన చేయి చూపించమన్నాను. కుడి చేయి భుజం దాకా కూడా లేవలేదు. వెనక్కి పోలేదు. జడ వేసుకుని చాలా ఏళ్లయిందని, అందుకే జుట్టు కత్తిరించేసుకుందని వన్నూరమ్మ చెప్పింది.

వాదించే నేర్పు నాకు లేదు. నాకు వచ్చింది కొలవడమే. మంచె కింద కంబళి పరిచి ఇద్దరినీ పక్కపక్కన పడుకోమన్నాను. అవ్వ చేతి కింద మడిచిన గోనెసంచి పెట్టి, లేచినంత మేర లేపి, మోచేయి మడిపించాను. మనవరాలి చేతిని కూడా అదే ఎత్తులో ఉంచాను. రెండు ముంజేతులూ ఆకాశం వైపు నిలబడ్డాయి. ఒకదాని తర్వాత ఒకటి భుజాలు నొక్కి పట్టుకుని, కాళ్ల వైపు వాలనిచ్చాను. రెండూ కొద్దిగా కదిలి ఒకే చోట ఆగిపోయాయి. వేళ్ల వంపుతో సహా ఒకేలా ఉన్నాయి. ఒకటి ముడతలు పడినది, ఒకటి నున్ననిది. కానీ ఒకే చేయి రెండుసార్లు మొలిచినట్టు ఉంది. అలా ఉంటుందని నేనూ అనుకోలేదు.

అవ్వ తల తిప్పి చూసింది. గాలి ఆగినట్టనిపించింది.

“నాది యాడ నిలబడిందో దీనిదీ ఆడే నిలబడింది,” అంది చివరికి. “ఇది పదారేండ్ల పిల్ల గదా?”

“ఆపితే తిరిగి వస్తుందవ్వా. ఆపకపోతే రాదు. ఆగస్టుకు రాకపోతే సీటు పోతుంది, ఇటికల పనికి పోవాలి.”

“నేను కాసినప్పుడు ఈ చేను జొన్నలిచ్చింది, సజ్జలిచ్చింది. దీనికి ఏమిచ్చింది? గింజ రాల్లేదు.” ఆమె లేచి కూర్చుంది. “ఒడిసెల ఇట్లా తే.”

వన్నూరమ్మ ఇవ్వలేదు. వెనక్కి దాచుకుంది. “వద్దవ్వా. నేను ఏస్తా. కుడిచేత్తోనే ఏస్తా. సీటు పోతే పోనీ.”

“నోరు మూసుకో. పోతే పోనీ అంట, పెద్ద దొరసానివి! ఏసేది నీ చేత్తో కాదులే, నా చేత్తో.”

అవ్వ వడిసెలను ఆమె చేతిలోంచి లాక్కుని మంచె ఎక్కింది. వడిసెలను ఎడమచేత్తో పట్టుకుని తిప్పింది. అలవాటు లేని చేయి. రాయి నాలుగు బారల దూరంలో పడింది. ఆమె “హో” అనలేదు. వడిసెలను మంచె కాలికి కట్టి దిగి వచ్చి, “నడవండి. ఎనక్కి తిరిగి చూడొద్దండి,” అంది.

ముగ్గురం నడిచాం. కొంత దూరం పోయాక వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. గంపలోంచి ధాన్యం సన్నగా జారుతున్నట్టు, ఆగకుండా. గాలి దిక్కు మారి ఉండవచ్చు. నేను తిరిగి చూడలేదు కాబట్టి ఇంతకు మించి రాయలేను. వన్నూరమ్మ అవ్వ కుడిచేయి పట్టుకుని ఏడుస్తూ నడిచింది. అవ్వ ఏడవలేదు. ఆ రాత్రికి అవ్వను కణేకల్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో దింపాం. ఆ గాలుల కాలం ముగిసేలోపే చేను, మంచె రెండూ పోయాయని తర్వాత తెలిసింది.

సోమవారం నుంచి కొలతలు నిలబడ్డాయి. సాయంత్రం వచ్చింది పొద్దునకూ ఉండేది. జూలై ఆఖరుకు లోపలి తిరుగుడు నలభై ఐదైంది. మొత్తం నూట అరవై, ఎడమతో సమానం. అక్కడితో ఆపేశాను. కోచ్ ఒప్పుకోలేదు. ఎడమకు అరవై ఐదుంటే కుడికి నలభై ఐదేమిటి, రెండూ ఒకేలా చేయమన్నాడు. మిగతాది ఎముకలో ఉందని, సాగదీస్తే కీలు వదులవుతుందే గాని ఎముక మెలిక విడదని చెప్పాను. చెయ్యి అంత వెనక్కి పోవడానికి ఆ మెలికే కారణమని కూడా చెప్పాను. ఆయన జావెలిన్ తెప్పించి విసిరించి చూశాడు. సరే, నలభై ఐదుకే వదిలేయమన్నాడు. ఆగస్టు సెలక్షన్‌లో వన్నూరమ్మ నొప్పి లేకుండా అన్ని విసుర్లూ పూర్తి చేసి ఎంపికైంది. సీటు నిలిచింది.

ఆ తర్వాత కూడా బెల్లుకు ముందే ఆమె లేచి కూర్చునేదని గదిలోవాళ్లు చెప్పారు. ఒకసారి అడిగితే, “అవ్వకు ఇప్పుడు ఏమీ ఇనపడదంటక్కా. నాకే ఇనపడతాది,” అంది. ఏం వినపడుతుందని నేను అడగలేదు. భుజం బాగానే ఉంది.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. దెబ్బతిన్న భుజాన్ని రెండో భుజంతో సమానం చేయాలని చూడకుండా, రెండింటి మొత్తాలనే పోల్చాను. ఎముకలో ఉన్నదాన్ని వదిలి, తొడుగులో బిగిసినదాన్నే సాగదీశాను. రెండోది, ఎవరినైనా విసరడం ఆపమని చెప్పే ముందు, ఆపమనే హక్కు ఎవరికి ఉందో కనుక్కున్నాను. చాలామంది కోచ్ పేరు చెప్పారు. కొందరు కాసేపు ఆలోచించి ఇంట్లోవాళ్ల పేరు చెప్పారు. అలాంటప్పుడు చికిత్స మొదలుపెట్టే ముందు ఆ మనిషిని కలిసి వచ్చాను.